పుణ్యతరపు రేవుల దారి: సూరత్ నుండి శిలావిహారాలకు కాలిబాటలు

నాసిక్ సమీపంలోని త్రిరశ్మి పర్వతం మీద, నేడు పాండవ లేణి అని పిలువబడుతున్న గుహల వరుసలో 10వ గుహ ఒక విశాలమైన విహారం. దానిని తొలిపించినవాడు క్షహరాత క్షత్రపుడైన నహపానుని అల్లుడు ఉషవదాతుడు. క్రీ.శ. 2వ శతాబ్ది తొలి దశాబ్దాలకు చెందిన ఈ దాత తన పుణ్యకార్యాల పట్టికను విహారపు వసారా గోడ మీద చెక్కించాడు. గోదానాలు, గ్రామదానాలు, తీర్థాలలో సువర్ణదానాలు, బ్రాహ్మణులకు అన్నదానాలు ఆ పట్టికలో వరుసగా వస్తాయి. వాటి మధ్య పురాతత్త్వ పరిశోధకులు సాధారణంగా ఒక వాక్యంతో దాటిపోయే అంశం ఒకటి ఉన్నది. ఇబా, పారాదా, దమణ, తాపీ, కరబేణా, దాహనుకా అనే ఆరు నదుల మీద ఉషవదాతుడు పడవలు ఏర్పాటు చేసి, బాటసారులను సుంకం లేకుండా దాటించే వ్యవస్థను నెలకొల్పాడు. శాసనం దానిని ‘పుణ్యతరం’ అన్నది. ఆ నదుల ఇరు గట్ల మీద సభలనూ ప్రపలనూ కట్టించాడు. సభ అంటే బాటసారులు తలదాచుకునే సత్రం; ప్రప అంటే మన చలివేంద్రం. భరుకచ్ఛం, దశపురం, గోవర్ధనం, శోర్పారగం అనే నాలుగు పట్టణాలలో చతుశ్శాల వసతిగృహాలను కూడా కట్టించాడు.

తాపీ నది సూరత్ నగరం గుండా ప్రవహించే తాపీయే. పారాదా నేటి పార్ నది. పారడీ పట్టణం దాని సమీపంలోనే ఉన్నది. దమణ నేటి దమణగంగ. దాహనుకా పేరు డహాణూ రేవులో నిలిచి ఉన్నది. ఇబాను అంబికా నదిగాను, కరబేణాను బిలిమోరా వద్ద అంబికలో కలిసే కావేరిగాను పండితులు గుర్తించారు. పటం ముందుంచుకుని ఈ ఆరు పేర్లను ఉత్తరం నుండి దక్షిణానికి సర్దుకుంటే ఒక సంగతి తేటపడుతుంది. ఇది ఏదో ఒక పుణ్యక్షేత్రం చుట్టూ ఉన్న నదుల జాబితా కాదు. భరుకచ్ఛం నుండి శోర్పారగం వరకు తీరం వెంట సాగే బాటకు అడ్డంగా వచ్చే నదుల జాబితా. 1864 నాటికి బొంబాయిని చేరిన బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైలుమార్గం కూడా ఆ నదులనే దాటవలసి వచ్చింది. అంటే సూరత్ స్టేషనులో దక్షిణ దిక్కుగా వెళ్లే సాధారణ రైలు ఎక్కిన ప్రయాణికుడు, తనకు తెలియకుండానే, రెండవ శతాబ్దపు ఒక ప్రజారవాణా శాసనాన్ని చదువుతూ వెళ్తాడు.

శిలావిహారాలను గురించి మనకు ఉన్న ఒక స్థిరాభిప్రాయాన్ని ఈ సంగతి కదిలిస్తుంది. ‘లోకానికి దూరంగా, అరణ్యమధ్యంలో, ఏకాంత ధ్యానానికి’ అన్న మాటలు గుహల వర్ణనలలో పదేపదే వస్తుంటాయి. వినయపిటకం చెప్పే ప్రమాణం ఇంతకంటే సూక్ష్మమైనది. మహావగ్గంలో వేణువన దాన ఘట్టంలో బింబిసారుడు ఆలోచించినది ఇది: భగవానుని నివాసస్థలం గ్రామానికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గర కాకూడదు; రాకపోకలకు అనువుగా ఉండాలి; పగలు సందడి, రాత్రి రొద లేకుండా ఉండాలి. ‘గమనాగమన సంపన్నం’ అనే పదం అక్కడ ఏకాంతంతో సమానమైన గౌరవం పొందింది. భిక్షువు ఉదయం పిండపాతానికి వెళ్లి మధ్యాహ్నంలోగా భోజనం ముగించాలి. ఉపాసకుడు ఉపోసథ దినాన వచ్చి వెళ్లగలగాలి. ఈ రెండు షరతులే పశ్చిమ భారతంలోని గుహల స్థలనిర్ణయాన్ని చాలావరకు శాసించాయి. స్థలం అడవిలోనే ఉంటుంది, కానీ బాటకు ఒక పూట నడకలో ఉంటుంది.

కనుక గుహను అర్థం చేసుకోవాలంటే గుహకు చేరే దారిని కూడా పురావస్తువుగా చూడవలసి ఉన్నది. అద్దె కారులో టికెట్టు కిటికీ దాకా వెళ్లి, మూడు గుహలు కొలిచి, రెండు గంటలలో తిరిగి వచ్చే పరిశోధన ఈ అవకాశాన్ని పోగొట్టుకుంటుంది. రైలు, ఎస్టీ బస్సు, ఆ తరువాత కాలినడక అనే క్రమం పాత ప్రయాణ క్రమానికి దగ్గరగా ఉంటుంది. సూరత్ ఇందుకు అనువైన కేంద్రం. అక్కడి నుండి నాలుగు దిక్కుల బాటలు ఉన్నాయి. వాటిలో దక్షిణపు బాట అన్నింటికంటే సంపన్నమైనది.

సూరత్ నుండి బోరివలి సుమారు 230 కిలోమీటర్లు. పగటి రైలులో కిటికీ పక్కన కూర్చోవడం మంచిది. నవసారి దాటిన తరువాత బిలిమోరా పరిసరాలలో అంబిక, కావేరి. వల్సాడ్ దాటాక పార్. వాపి వద్ద దమణగంగ. ఆ తరువాత డహాణూ. ఈ నదులన్నీ సహ్యాద్రిలో పుట్టి పడమరకు పారే చిన్న నదులు. వేసవిలో వీటిని చూసినవారికి ఉచిత రేవు అంత పెద్ద దానమా అనిపించవచ్చు. సముద్రానికి దగ్గరగా ఆటుపోట్లు ఎక్కే ఈ నదీముఖాలను, అందులోనూ వర్షాకాలంలో, కాలినడకన దాటడం ఎంత కష్టమో వంతెన మీది నుండి చూస్తేనే తెలుస్తుంది. రేవుసుంకం కట్టలేనివాడు ఆగిపోవలసిందే. భిక్షువు సొంత సొమ్ము పట్టరానివాడు కనుక ఉచిత రేవు అతనికి మరింత ఉపకరించి ఉండాలి. అయితే ఈ రేవులు భిక్షుసంఘం కోసమని శాసనం ఎక్కడా చెప్పదు. అవి అందరికీ ఉద్దేశించినవి. బౌద్ధ దానం, బ్రాహ్మణ దానం, లోకోపకారం ఒకే దాత చేతిలో, ఒకే గోడ మీద కలిసి ఉండటాన్ని ఉన్నది ఉన్నట్లుగానే స్వీకరించాలి.

విరార్ తరువాత వచ్చే నాలాసోపారా స్టేషన్ పేరులోని సోపారాయే శాసనంలోని శోర్పారగం, పాలి వాఙ్మయంలోని సుప్పారకం. దూరప్రాంతపు రైళ్లు ఇక్కడ ఆగవు. విరార్‌లోనో బోరివలిలోనో దిగి లోకల్ రైలు పట్టుకోవాలి. స్టేషను నుండి పడమటగా, నగరం మింగివేసిన పాత ఊరి వైపు, బురుడ్ రాజాచే కోట్ అని స్థానికులు పిలిచే దిబ్బ ఉన్నది. 1882 ఏప్రిల్‌లో పండిత భగవాన్‌లాల్ ఇంద్రజీ దానిని తవ్వించి ఇటుక స్తూపాన్ని వెలికితీశాడు. స్తూపగర్భంలోని రాతి కరండంలో ఒకదానిలో ఒకటిగా అమర్చిన ధాతుపేటికలు, వాటి చుట్టూ ఎనిమిది కంచు బుద్ధప్రతిమలు లభించాయి. యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం కూడా అందులో ఉన్నది. తెలుగు పాఠకునికి ఇది ప్రత్యేకంగా ఆసక్తికరం, ఎందుకంటే శాతవాహనుల వెండి నాణేలు అరుదు. అశోకుని 8వ శిలాశాసనపు తునక కూడా ఆ ఏడాదే సోపారాలో దొరికింది. 9వ శాసనపు తునక 1956లో దొరికింది. స్తూపం నేడు ఇళ్ల నడుమ చిన్న ఆవరణలో ఉన్నది. ఎక్కవలసిన కొండ ఏదీ లేదు. అయినా ఈ మజిలీని వదలరాదు. కన్హేరి కొండకు వెళ్లిన దాతలు, వర్తకులు, భిక్షువులలో అనేకులు ఈ రేవుపట్టణాల నుండి వచ్చినవారే.

బోరివలి స్టేషను నుండి తూర్పు వైపు సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం ద్వారం నడకదూరంలోనే ఉన్నది. ద్వారం నుండి గుహల వరకు సుమారు 6 కిలోమీటర్లకు పైగా అడవి దారి. ఉద్యానంలో బస్సు నడుస్తుంది. వెళ్లేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు బస్సు ఎక్కడం మేలు. నగరపు హోరు ఎంత త్వరగా తెగిపోతుందో, అయినా నగరం ఎంత దగ్గరలో ఉన్నదో నడిచినవారికే పాదాలకు తెలుస్తుంది. బింబిసారుని ప్రమాణానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం లేదు. సోమవారం సెలవు. ఉద్యానంలో చిరుతపులులు ఉన్నాయి కనుక గుర్తించిన దారి వదలకూడదు, సాయంత్రం ఆలస్యం చేయకూడదు. దారి పక్కన పొదలుగా పెరిగే కార్వీ ఎనిమిదేళ్లకొకసారి పూస్తుంది. ఆ ఏడు వెళ్లినవారు అదృష్టవంతులు.

కన్హేరి అంటే కృష్ణగిరి, శాసనాలలో కణ్హసేల. నూటికి పైగా గుహలు గల ఇంత పెద్ద శిలాసంఘారామం పశ్చిమ భారతంలో మరొకటి లేదు. వచ్చేవారిలో ఎక్కువమంది 3వ గుహ అయిన చైత్యగృహాన్ని, దర్బారు మందిరంగా పేరుపడ్డ 11వ గుహను చూసి వెనుదిరుగుతారు. చైత్యగృహం తప్పక చూడదగినదే. 34 స్తంభాల ఆ మందిరపు శాసనంలో యజ్ఞశ్రీ శాతకర్ణి పేరు ఉన్నది. వసారాకు ఇరువైపులా తరువాతి కాలపు భారీ బుద్ధమూర్తులు నిలిచి ఉన్నాయి. ఆ మందిరం ముందున్న స్తూపంలో 1839లో జేమ్స్ బర్డ్‌కు ఒక రాగిరేకు దొరికింది. త్రైకూటకుల రాజ్య సంవత్సరం 245లో, అనగా క్రీ.శ. 5వ శతాబ్ది చివరి దశాబ్దంలో, సింధుదేశం నుండి వచ్చిన బుద్ధరుచి అనే ఉపాసకుడు కృష్ణగిరి మహావిహారంలో చైత్యం కట్టించినట్లు ఆ రేకు చెబుతున్నది. త్రైకూటకుల మిగిలిన తామ్రశాసనాలు ఎక్కడివో గమనించాలి. దహ్రసేనుని 207వ సంవత్సరపు శాసనం పారడీలో దొరికింది. వ్యాఘ్రసేనుని 241వ సంవత్సరపు శాసనం సూరత్‌లో దొరికింది. దక్షిణ గుజరాతూ కన్హేరీ ఒకే పాలనలో, ఒకే బాట మీద ఉన్నాయన్నమాట.

అసలైన నడక 11వ గుహ తరువాత మొదలవుతుంది. కొండను అంతస్తులుగా కలుపుతూ రాతిలోనే తొలిచిన మెట్లు ఉన్నాయి. కొన్నిచోట్ల మెట్టు అంచు అరిగి దొప్పలా గుంట పడింది. గుహ నుండి గుహకు పోయే ఈ మెట్లు, గుహ ముంగిట రాతిలోనే తొలిచిన కూర్చునే అరుగులు, వాననీటిని మళ్లించే సన్నని కాలువలు, ప్రతి గుహ పక్కనా నేలలోకి దిగే నీటితొట్టి అన్నీ కలిసి ఒకే నిర్మాణం. శాసనాలు వీటిని విడివిడిగా పేర్కొంటాయి. తొట్టిని ‘పోఢి’ అని, అరుగును ‘ఆసనపేఢిక’ అని అన్నాయి. కల్యాణ పట్టణపు స్వర్ణకారుడు సామిదత్తుడు దానమిచ్చినది ఒక పోఢి. వాసిష్ఠీపుత్ర శ్రీశాతకర్ణి దేవి కార్దమక వంశజ, మహాక్షత్రపుని కూతురు. ఆమె ప్రస్తావన సంస్కృత శాసనంలో మనకు మిగిలింది ఆంతరంగిక మంత్రి సతేరకుడు ఇచ్చిన ‘పానీయభాజనం’, అనగా తాగునీటి తొట్టి పుణ్యాన. శాతవాహన–క్షత్రప వివాహసంబంధం వంటి గొప్ప రాజకీయ సంఘటనకు ఆధారం దారి పక్కన నీటితొట్టి మీద ఉన్నది. గుహల లోపలి శిల్పం కోసం మాత్రమే వచ్చినవారు దీనిని దాటిపోతారు. అక్షయనిధి శాసనాలలో వర్షావాసం చేసే భిక్షువుకు చీవరం కోసం ఇంత, పాదరక్షల కోసం ఇంత అని కేటాయింపు కూడా కన్పిస్తుంది. ఈ కొండ మీద ఒక రోజు నడిచినవారికి ఆ రెండవ కేటాయింపు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

వర్షావాసం మాట వచ్చింది కనుక ఒక విడ్డూరం. ఏ ఋతువులో భిక్షువులు తిరగడం మాని ఇక్కడ నిలిచిపోయేవారో, ఆ ఋతువులోనే నేడు జనం వాగులలో ఆడటానికి వేలంవెర్రిగా వస్తారు. తొట్లు నిండి, కాలువలు పారి, జలవ్యవస్థ ఎలా పనిచేసేదో కళ్లకు కట్టేదీ అప్పుడే. పరిశోధకుడు తొలకరి తరువాత ఒకసారి, శీతకాలంలో ఒకసారి రావాలి. తడిసిన నల్లరాయి నాచు పట్టి జారుతుంది. ఆ నాచు మీదే వేల పాదాలు పడి అక్షరాలు చెరిగిపోతున్న చోట్లు కూడా ఉన్నాయి.

పై వరుసల గుండా వెళితే 41వ గుహలో ఏకాదశముఖ అవలోకితేశ్వరుడు, 90వ గుహలో పహ్లవీ లిపిలోని పార్సీ యాత్రికుల చేవ్రాళ్లు కన్పిస్తాయి. ఈ చేవ్రాళ్లు 11వ శతాబ్ది తొలి పాదానికి చెందినవి. ఇంకా ఆవలకు, కొండ అంచు వెంట పోతే, రాతి చూరు కింద పొడుగ్గా సాగిన ఒక వసారాలో ఇటుక స్తూపాల పునాదులు వరుసగా ఉన్నాయి. ఇది నిర్యాణవీథి, కొండ మీద నివసించి గతించిన స్థవిరుల స్మారకస్తూపాల చోటు. అక్కడ లభించిన చిన్న శాసనాలను శోభనా గోఖలే చదివి ప్రకటించారు. ఆ స్థవిరుల పేర్లు, వారి గుణవిశేషాలు వాటిలో ఉన్నాయి. సందర్శకులు ఇక్కడికి చాలా తక్కువగా వస్తారు. దానశాసనాలు చదివి ఎవరు ఇచ్చారో తెలుసుకున్నవారు, ఎవరికోసం ఇచ్చారో తెలుసుకోవాలంటే ఈ చివరి అరమైలు నడవాలి. భిక్షువులైన పాఠకులకు కన్హేరిలో ఒకే ఒక చోటు చెప్పవలసివస్తే ఈ వీథినే చెప్పాలి.

తూర్పు–దక్షిణంగా నాసిక్ వెళ్లే దారి వేరు. సూరత్ నుండి బిలిమోరా వరకు రైలు. అక్కడి నుండి వఘయి వరకు సుమారు 63 కిలోమీటర్ల నారోగేజ్ మార్గం డాంగ్ అడవుల అంచుకు చేరుస్తుంది. గాయక్వాడ్‌ల కాలంలో టేకు కలప కోసం వేసిన దారి ఇది. బండి మెల్లగా పోతుంది. బయలుదేరే ముందు నడుస్తున్నదీ లేనిదీ విచారించుకోవాలి. వఘయి నుండి సాపుతారా మీదుగా నాసిక్‌కు బస్సులు ఉన్నాయి. తొందర ఉన్నవారు సూరత్ నుండి నేరుగా నాసిక్ బస్సు ఎక్కవచ్చు. తీరమైదానం, టేకు అడవి, ఘాట్, ఆపైన దక్కను పీఠభూమి ఒకే రోజులో కళ్లముందు మారడం ఈ దారి ప్రత్యేకత. క్షత్రపులు, శాతవాహనులు దేనికోసం తలపడ్డారో తెలుసుకోవడానికి ఇది మంచి పాఠం: ఓడరేవులను పీఠభూమితో కలిపే కనుమలు ఎవరి చేతిలో ఉంటే సుంకం వారిది.

నాసిక్ నగరం నుండి పాండవ లేణికి నగర బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి. మెట్ల దారి అరగంట లోపు ఎక్కవచ్చు. 24 గుహలలో 3వది గౌతమీ బాలశ్రీ శాసనంతో తెలుగువారికి చిరపరిచితం. ఆ గుహ దగ్గర ఆగిపోయేవారే ఎక్కువ. పక్కకు నడిచి 10వ గుహలో పుణ్యతరపు వాక్యాన్ని, దాని సమీపంలోనే ఉన్న మరో ఉషవదాత శాసనాన్ని కలిపి చదవాలి. 42వ సంవత్సరపు ఆ రెండవ శాసనం ప్రకారం అతడు 3000 కార్షాపణాలను గోవర్ధనంలోని చేనేత శ్రేణులలో అక్షయనిధిగా ఉంచాడు. 2000 ఒక శ్రేణిలో, నెలకు నూటికి ఒకటి వడ్డీకి. 1000 మరొక శ్రేణిలో, నూటికి ముప్పాతిక వడ్డీకి. మొదటి మొత్తం మీద ఏడాదికి 240 కార్షాపణాలు వస్తాయి. వర్షావాసం చేసే 20 మంది భిక్షువులకు ఒక్కొక్కరికి చీవరం నిమిత్తం 12 కార్షాపణాలు చొప్పున అది సరిగ్గా సరిపోతుంది. అసలు ముట్టుకోరాదు, వడ్డీయే వాడాలని షరతు. తెలంగాణ జిల్లాల నుండి వెళ్లి సూరత్ మగ్గాల మీద జీవిస్తున్న పద్మశాలి కుటుంబాలకు, వారి పిల్లలు చదివే నగరపాలక తెలుగు బడులకు ఈ శాసనపు కథ తెలియజేయడం సులభం, అవసరం కూడా. సంఘానికి బట్ట నేసినవారూ, సంఘం సొమ్మును కాపాడినవారూ నేతగాళ్లే.

ఉత్తరపు బాట మూడింటిలో చిన్నది, నిర్లక్ష్యానికి గురైనది. సూరత్ దాటగానే ఉత్రాణ్ వద్ద రైలు తాపీ నదిని దాటుతుంది. ఇదీ ఉషవదాతుని రేవునదులలో ఒకటే. అంకలేశ్వర్‌లో దిగి ఝఘడియా వైపు బస్సు పట్టుకుని, చివరి భాగం షేర్ ఆటోలోనూ కాలినడకనూ పూర్తిచేస్తే భరూచ్ జిల్లాలో ఝాజ్‌పూర్ దగ్గరి కడియా డుంగర్ వస్తుంది. కొండ మీద క్రీ.శ. 1, 2 శతాబ్దుల నాటివిగా భావించే ఏడు గుహలు, ఏకశిలా సింహస్తంభం, కొండ కింద ఇటుక స్తూపం అవశేషాలు ఉన్నాయి. స్థానికులకు ఇవి పాండవులు తలదాచుకున్న గుహలు. నాసిక్‌లోనూ అదే మాట. మన ప్రాంతంలోనూ గుహ కన్పిస్తే పాండవులకో, రాక్షసులకో అంటగట్టడం అలవాటే. కథను కొట్టిపారేయనక్కరలేదు. ఆ కథ వల్లనే జనం ఈ చోట్లను పాడుచేయక కాపాడిన సందర్భాలు ఎన్నో.

కడియా డుంగర్‌ను కన్హేరితో పోల్చరాదు. అలంకరణ లేదు, గుహలు చిన్నవి. దాని విలువ స్థానంలో ఉన్నది. నర్మదా నదికి దక్షిణాన, భరుకచ్ఛానికి ఎగువన, లోతట్టు ప్రాంతంలోకి పోయే దారికి అందుబాటులో ఉన్న కొండ ఇది. సుప్పారక జాతకంలోని అంధ నావికుడు పుట్టిన భరుకచ్ఛంలో నేడు భూమి పైన బౌద్ధ కట్టడం ఏదీ కానరాదు. 7వ శతాబ్దిలో అక్కడికి వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ సుమారు పది సంఘారామాలను, 300 మంది భిక్షువులను పేర్కొన్నాడు. ఆ పట్టణపు ఉపాసకుల జాడ వేరే చోట దొరుకుతుంది. జున్నర్ గుహలలో ఒకటి భరుకచ్ఛం నుండి వెళ్లిన బుద్ధమిత్ర, బుద్ధరక్షితులనే సోదరుల దానం. రెండు గదుల నివాసాన్ని తొలిపించడానికి వారు ఎంత దూరం వెళ్లారో చూడండి. అంతటి పట్టణానికి చేరువలో నిలిచి ఉన్న బౌద్ధ కొండ కడియా డుంగరే. అందుకే దాని పాతమెట్లు, దారిలోని తొట్ల ఆనవాళ్లు, స్తూపం నుండి గుహలకు ఎక్కే జాడ సవివరంగా నమోదు కావలసి ఉన్నది. సౌకర్యం పేరిట ఒకసారి సిమెంటు మెట్లు పడితే, కింది రాతిమెట్టు ఎక్కడ ఉండేదో చెప్పడానికి ఛాయాచిత్రం తప్ప మరేదీ మిగలదు. కన్హేరిలోని మెట్లను ఎవరైనా కొలవవచ్చు. ఇక్కడ ఆ పని వాయిదా వేయదగినది కాదు.

జున్నర్ ప్రస్తావన వచ్చాక నానేఘాట్‌ను విడువరాదు. సూరత్ నుండి దాదర్ మీదుగా కల్యాణ్ చేరి, ముర్బాడ్ మీదుగా జున్నర్ దిక్కుగా పోయే ఎస్టీ బస్సులో వైశాఖరే వద్ద దిగితే కనుమ దారి కాళ్లకింద మొదలవుతుంది. రెండు మూడు గంటల ఎక్కుడు. పై అంచున నాగనికా దేవి శాసనం గల గుహ, ఒకప్పటి శాతవాహన రాజమూర్తుల పేర్లు, దారి పక్కన ఒక పెద్ద రాతికుండ ఉన్నాయి. సుంకపు నాణేలు వేయడానికే ఆ కుండ అని స్థానిక ఐతిహ్యం. అది నిజమైనా కాకపోయినా, కనుమలో సుంకపు కుండను, తీరంలో సుంకం లేని రేవును ఒకే వారంలో చూసినవారికి ప్రాచీన రవాణా ఆర్థికం పుస్తకంలో కంటే బాగా అర్థమవుతుంది.

తూర్పున తాపీలోయ రైలుమార్గం ఉధనా నుండి నందుర్బార్ మీదుగా జల్‌గావ్‌కు చేరుస్తుంది. అక్కడి నుండి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని అజంతాకు ఎస్టీ బస్సులు ఉన్నాయి. ఫర్దాపూర్ కూడలి నుండి గుహలకు ప్రత్యేక బస్సు ఎక్కాలి. ఇక్కడా సోమవారం సెలవే. అజంతా గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పవలసినది లేదు. ఒక్క సూచన: వాఘోరా వాగుకు ఆవలి గట్టున ఉన్న వీక్షణస్థానానికి ఎక్కి, 1819లో జాన్ స్మిత్ బృందం చూసినట్లు గుహలను ఎదుటి నుండి చూసి, ఆ తరువాత కిందికి దిగి రావాలి. ప్రతి గుహ నుండి వాగులోకి విడిగా దిగిన పాతమెట్ల జాడలు అక్కడి నుండి చూసినప్పుడు అర్థవంతమవుతాయి. నేటి సిమెంటు నడవ గుహలన్నిటినీ ఒకే వరుసగా కలిపింది. నాటి నివాసులకు దారి వాగు వైపే ఉండేది.

ఈ నడకలలో పరిశోధకుని సంచీలో ఉండవలసినవి తక్కువే: నీళ్లు, టేపు, కొలబద్ద పెట్టి తీయడానికి వీలైన కెమెరా, ఏటవాలు వెలుగు కోసం చేతిదీపం, నోటుపుస్తకం. శాసనం మీద సుద్ద పూయడం, తడిపి రుద్దడం మానాలి. అచ్చు తీయడానికి పురావస్తుశాఖ అనుమతి తప్పనిసరి. మెట్టు కన్పిస్తే దాని వెడల్పు, ఎత్తు, అరుగుదల ఏ వైపున ఎక్కువో రాయాలి. తొట్టి కన్పిస్తే అది దారి నుండి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నదో రాయాలి. దారిలో ఏ వంపు వద్ద చైత్యం తొలిసారి కన్పించిందో, ఏ చోట గ్రామపు శబ్దం వినిపించడం ఆగిందో కూడా రాయవచ్చు. గుంటుపల్లికో బొజ్జన్నకొండకో వెళ్లినప్పుడు కూడా ఈ పద్ధతి పాటిస్తే, తూర్పు తీరపు కొండలను పడమటి కొండలతో పోల్చడానికి ఒక ఆధారం ఏర్పడుతుంది. అనకాపల్లి స్టేషను నుండి బొజ్జన్నకొండ కూడా నడవగలిగినంత దగ్గరే.

కడియా డుంగర్‌కు వెళ్లేవారు తెల్లవారుజామున సూరత్‌లో మొదటి రైలు పట్టుకోవాలి. కొండ మీద నీరు దొరకదు. మధ్యాహ్నానికి కొలతలు ముగించి, చివరి బస్సు ఎప్పుడో ఝఘడియాలో దిగినప్పుడే అడిగి ఉంచుకోవాలి.